తెలుపు ఎవరి పక్షం?

కొత్త ఫ్లాట్‌లో పడకగదికి రంగు ఎంచుకోవాలి. షేడ్ కార్డులో చివరికి రెండు మిగిలాయనుకుందాం: తెలుపు, ముదురు నీలం. నచ్చింది నీలమే. అయినా వేలు తెలుపు మీదికే పోతుంది. రేపు అమ్మాల్సొస్తే? వచ్చినవాళ్లు ముఖం చిట్లిస్తే? తెలుపైతే ఎవరూ ఏమీ అనరు.

నా అనుమానం ఇక్కడే. ఎవరూ ఏమీ అనని రంగు నిజంగా ఏ పక్షమూ లేని రంగేనా?

తర్వాతి రోజుల్లో చండీగఢ్‌కి రూపమిచ్చిన లె కార్బూజియే, 1925లో అచ్చయిన పుస్తకంలో, ప్రతి పౌరుడూ గోడలకి తెల్ల రిపొలిన్ పెయింట్ వేసుకోవాలని చట్టం ఉండాలన్నాడు. ఇల్లు శుభ్రపడితే మనిషి లోపల కూడా శుభ్రపడతాడని ఆయన వాదన. తెలుపు ఆయనకి నీతి. కానీ సరిగ్గా అదే కాలంలో పారిస్‌లో ఆయన కట్టిన లా రోష్ ఇంట్లో కొన్ని లోపలి గోడలకి రంగులున్నాయి. 1931లో ఒక వాల్‌పేపర్ కంపెనీ కోసం తనే 43 షేడ్లు ఎంచి ఇచ్చాడు. అందరికీ తెలుపు చెప్పిన మనిషికి తెలుపొక్కటే చాల్లేదు.

మన సున్నం గోడల తెలుపూ ఒట్టి తెలుపు కాదు. పసుపు ఛాయ కనబడకుండా అందులో కాస్త నీలిమందు కలిపేవాళ్లు. తెల్లగా కనిపించడానికే కొంచెం నీలం కావాల్సొచ్చింది.

అలాగని నీలం గొప్పదని కాదు. తెలుపు తన మీద పడ్డ వెలుతుర్లో ఎక్కువ భాగాన్ని తిరిగి గదిలోకి పంపుతుంది. ముదురు నీలం చాలామటుకు మింగేస్తుంది. కిటికీ తీస్తే పక్క అపార్ట్‌మెంట్ గోడే కనబడే గదిలో నీలం వేస్తే, పట్టపగలే లైటు వేసుకోవాలి. చూపు మందగించిన అమ్మమ్మ ఉండే గది అదే అయితే, మన అభిరుచి ఆమె చేతిలో పేపరు లాక్కున్నట్టే. ఇటు తెలుపేమో పిల్లల చేతిముద్రల్నీ, గోడకి ఆనుకున్న తలల నూనె మరకల్నీ రోజూ ఎత్తిచూపుతుంది. వాటిని తుడిచేదెవరు? చాలా ఇళ్లలో, రంగు ఎంచుకునేటప్పుడు ఎవరూ మాట అడగని పనామె.

రంగు తేల్చుకునేటప్పుడే మన లెక్కలో ఎవరున్నారో కూడా తేలిపోతుంది. ఎప్పుడొస్తాడో తెలియని కొనుగోలుదారు, ఏడాదికోసారి వచ్చే చుట్టం ముందు వరసలో కూర్చుంటారు. రోజూ ఆ నాలుగు గోడల మధ్య నిద్రలేచే మనిషి వంతు చివర్న వస్తుంది, వస్తే.

తెలుపు ఇష్టమైతే తెలుపే వేసుకోండి, ఇష్టమని చెప్పి వేసుకోండి. ఎవరికీ అభ్యంతరం ఉండదన్న ఒక్క కారణంతో వేస్తే మాత్రం, ఈఎంఐ కడుతున్నది మనమే అయినా, ఆ గదిలో మనం వేరెవరి కోసమో కాపలా ఉంటున్నట్టు.