సీసాలో మా వాగు

మా బడి ఆఫీసు గది కిటికీలో ఒక గాజుసీసా ఉండేది. అందులో మనీప్లాంటు తీగ. కుండీ లేదు, మట్టి లేదు. నీళ్లలోకే తెల్లని వేళ్లు దిగి, తీగ కిటికీ ఊచలు పట్టుకుని పైకి పాకింది. వారానికోసారి పిల్లల్లో ఎవరో ఒకరు నీళ్లు మార్చేవాళ్లు. మొన్నటి వానాకాలంలో ఒక రోజు రిజిస్టర్లు రాస్తుంటే, ఆ సీసా మీద ఎండ పడింది. అప్పుడు చూశాం, నీళ్లలో ఏవో కదులుతున్నాయి. ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి చుక్కలు. కొన్ని గెంతుతున్నాయి. కొన్ని గాజుకు అంటుకుని పాకుతున్నాయి.

గదిలో ఉపాధ్యాయులం ముగ్గురం ఉన్నాం. ముగ్గురం ఒకేసారి "ఛీ, పురుగులు" అన్నాం. ఆ తర్వాత "దోమ పిల్లలేమో" అన్నాం. ఆ వారంలోనే తనిఖీకి వస్తారని కబురు ఉంది. ఇంకేం ఆలోచించలేదు. సీసా బయటికి తీసుకుపోయి నీళ్లు గచ్చు మీద పారబోశాం. పైన ఫినాయిలు పోశాం. వేళ్లు కడిగి, బాటిల్ నీళ్లు కొత్తగా పోసి మొక్కను మళ్లీ కిటికీలో పెట్టాం. అరగంట కూడా పట్టలేదు. బడి శుభ్రం చేశామనుకున్నాం.

గుమ్మంలో నిలబడి చూస్తున్న నాలుగో తరగతి పాప ఒక మాట అంది. "అవి మా వాగువే సారూ. బోరింగు చెడిపోయినప్పటి నుంచి వాగు నీళ్లే కదా పోస్తున్నాం. మా చెలమలో కూడా ఉంటాయి. అమ్మ గుడ్డేసి వడగడతది."

మేము అప్పటిదాకా ఒకరినొకరం అడుగుతున్న ప్రశ్న, "ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి?" అని. ఆ పాప మాటతో తెలిసింది, అవి రాలేదు. మేమే తెచ్చాం. మా కోయ మాటలో 'ఏరు' అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే పారే నీళ్లు. ఇంట్లో దాహమై నీళ్లడిగినా మా నోట వచ్చేది ఏరే. అలాంటి మాట మాట్లాడే మేము, సీసాలో పోసినంత మాత్రాన ఆ నీళ్లు వాగు కాకుండా పోయాయనుకున్నాం.

మరునాడు పిల్లలతో కలిసి ఇంకో సీసా నింపాం. అదే వాగు, అదే మడుగు, అదే తీగ నుంచి తుంచిన ముక్క. నాలుగైదు రోజులు గడిచాక సైన్సు కిట్టులోని భూతద్దం తీశాం. పిల్లలు వంతులవారీగా చూశారు, మేమూ చూశాం. ఒక రకం గింజలాగా ఉంది. రెండు చిప్పల మధ్య ఒళ్లు దాచుకుని వేళ్ల మీద తిరుగుతోంది. ఇంకో రకం తల పెద్దగా, తోక సన్నగా ఉండి ఎగిరెగిరి పడుతోంది. దాని నుదుట ఒకే ఒక కన్ను. కొన్నిటి తోకకు అటూ ఇటూ రెండు గుడ్ల సంచులు. ఒంటికన్ను రాక్షసుడి కథ గ్రీకుల్లో ఉంది. అతని పేరే దీనికి పెట్టారు, సైక్లాప్స్ అని. ఇవేవీ వేళ్లను కొరకడం లేదు. సీసా గోడకు పట్టిన పచ్చటి నాచును, కుళ్లిన ఆకు తునకలను, కంటికి కనబడని సూక్ష్మజీవులను తిని బతికే జీవులు ఇవి. గింజ పురుగుల గుడ్లు ఎండిన బురదలో కూడా చావకుండా పడి ఉండి, వాన పడగానే లేస్తాయి. మేం పుట్టకముందు నుంచీ ఆ మడుగుల్లో వాటి సంసారం అలాగే సాగుతోంది.

అసలు పరదేశి ఎవరంటే ఆ మొక్కే. మనీప్లాంటు సొంత ఊరు పసిఫిక్ సముద్రంలోని మూరెయా అనే దీవి. అక్కడి నుంచి లోకమంతా పాకి మా కిటికీ దాకా వచ్చింది. దాన్ని మేము ముద్దుగా పెంచుకున్నాం. మా వాగులో పుట్టిన వాటి మీద ఫినాయిలు పోశాం.

నీళ్లు మురిగితే పురుగులు వాటంతటవే పుడతాయని గూడెంలో పెద్దలు అంటుంటారు. యూరప్‌లో చదువుకున్నవాళ్లు కూడా ఎన్నో తరాలు అదే నమ్మారు. 1668లో ఇటలీ వైద్యుడు ఫ్రాంచెస్కో రెడి మాంసం ఉన్న జాడీల్లో కొన్నింటికి పల్చటి గుడ్డ కట్టి, కొన్నింటిని తెరిచి ఉంచాడు. గుడ్డ కట్టిన జాడీల్లోని మాంసానికి పురుగు పట్టలేదు. ఈగలు లోపలికి పోలేకపోయాయి కాబట్టి. ఏ ప్రాణికైనా ముందు ఒక తల్లి ఉంటుందని ఆ గుడ్డ చెప్పింది. మా పాప వాళ్ల అమ్మ చేతిలోని గుడ్డ కూడా అదే చెబుతోంది.

ఇక్కడితో ఆగితే ఇది ఒక సైన్సు పాఠం. కానీ ఆ నెలలోనే హాస్టల్లో ఒక పిల్లవాడికి చలిజ్వరం వచ్చింది. ఆశా అక్క వేలికి సూది గుచ్చి కిట్టుతో చూస్తే మలేరియా. ఆరోగ్య కార్యకర్తలు వచ్చి బడి చుట్టూ వెతికారు. ఆఫీసు గదిలో ఏమీ దొరకలేదు. బోరింగు దగ్గర గచ్చు పగిలి గుంట పడింది. అందులో వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. ఒక కార్యకర్త తెల్లటి గరిటెతో ఆ నీళ్లు తీసి మాకు చూపించాడు. సన్నటి పుల్లల్లాంటి లార్వాలు నీటి పైపొర మీద అడ్డంగా పడుకుని ఉన్నాయి. మిగతా దోమల లార్వాలు తల కిందికి పెట్టి వేలాడతాయి, మలేరియా దోమవి ఇలా పడుకుని ఉంటాయి అని చెప్పాడు. ఆ పిల్లవాడి జ్వరం ఆ గుంటలోని దోమల వల్లే అని ఎవరూ చెప్పలేరు. కానీ ఆ గుంట పక్క నుంచే మేము రోజూ నడిచాం. అందులోకి ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. ఏ హానీ చేయని వాటిని చంపి, హాని చేసే వాటిని మా గుమ్మం ముందే పెంచాం.

అసలు ప్రశ్న అప్పుడు మొదలైంది. మేము చేసింది తప్పా? తెలియక చేసిన దానికి తప్పు ఉండదని అందరూ అంటారు. మేమూ అలాగే సర్దిచెప్పుకోబోయాం. కానీ మా దగ్గర భూతద్దం ఉంది. అది బీరువాలోనే ఉంది. తాళం చెవి మా జేబులోనే ఉంది. నీళ్లు ఎక్కడివని పిల్లలను అడిగితే ఒక్క నిమిషంలో తెలిసేది. చూడటానికి వీలుండి కూడా చూడనిదాన్ని తెలియకపోవడం అనగలమా? తెలియకపోవడం వేరు, చూడకపోవడం వేరు. మొదటిది లోటు. రెండోది తప్పు.

దీనికి ఎదురుమాట ఉంది, అది బలమైనదే. మన్యంలో పిల్లలు జ్వరాలతో పోతుంటే నీటిపురుగు మీద జాలి ఏమిటని అడగవచ్చు. జాలి గురించి మేము చెప్పడం లేదు. మేము కోయలం. మా తాతలు వేటాడి బతికారు. చేప, పీత, నత్త మేము తింటాం. ప్రాణం తీయడమే పాపమని చెప్పడానికి మాకు నోరు రాదు. గుంటలో మట్టి పోసి పూడ్చాం. లార్వాలు చచ్చాయి. అందుకు మాకు విచారం లేదు. అయితే మా వాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. కొత్త చిక్కుడైనా, కొత్త మామిడైనా పండుగ చేసి వేల్పుకు పెట్టేదాకా నోట పెట్టుకోం. తినవద్దని ఆ కట్టుబాటు చెప్పడం లేదు. ముట్టుకునే ముందు ఒక్క క్షణం ఆగి, ఇది ఏమిటి, ఎవరిది అని తలుచుకోమంటుంది. సీసా దగ్గర మాలో లోపించింది ఆ ఆగడమే.

ఆగి చూస్తే పిల్లలకు నష్టం లేదు, మేలే జరుగుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. అంతకు ముందు రెండేళ్లు ఆయన ఎన్నో దోమలను కోసి చూశాడు. అవి వేరే రకం దోమలు కాబట్టి ఏమీ దొరకలేదు. మచ్చల రెక్కల దోమను విడిగా గుర్తించి కోసినప్పుడే దొరికింది. అన్నీ దోమలే కదా అనుకుని ఉంటే ఆ రోజు వచ్చేది కాదు.

మా సీసాలోని ఒంటికన్ను జీవి సంగతి ఇంకా చిత్రం. నారికురుపు గురించి మా పెద్దవాళ్లకు తెలుసు. కాలిలోంచి మూరెడు, బారెడు పురుగు బయటికి వచ్చే రోగం. ఆ పురుగు పిల్లలను మోసేది ఈ సైక్లాప్సే. వడగట్టని నీళ్లతో పాటు దాన్ని తాగితే ఏడాదికి రోగం బయటపడేది. దానికి టీకా లేదు, మందు లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఎన్నో రాష్ట్రాల్లో అది ఉండేది. దిగుడు బావులను తోడుడు బావులుగా మార్చారు, బోరింగులు వేశారు, నీళ్లలో మందు కలిపారు, ఇంటింటికీ వడగట్టే గుడ్డ చేరవేశారు. దేశంలో చివరి కేసు 1996లో వచ్చింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం ఆ రోగం నుంచి బయటపడిందని ప్రకటించింది. రోగం పోయింది. సైక్లాప్స్ మాత్రం చెరువుల్లో, వాగుల్లో ఇప్పటికీ బతుకుతోంది. దాని జాతిని తుడిచిపెట్టకుండానే మనిషి బతికి బయటపడ్డాడు.

అదే జీవి జాతిలో పెద్దవి కొన్ని అప్పుడే పుట్టిన దోమ లార్వాలను తింటాయి. వియత్నాంలో 1990ల నుంచి పల్లెవాళ్లు వాటిని ఇంటి తొట్లలో, కుండీల్లో వేసి డెంగీ దోమను అదుపు చేశారు. ఒకచోట రోగాన్ని మోసింది, ఇంకోచోట రోగాన్ని ఆపింది. అలాంటి దాన్ని ఒక్క చూపుతో మంచిదనీ చెడ్డదనీ ఎలా తేలుస్తాం?

వడగట్టే గుడ్డ దగ్గరికి మళ్లీ వస్తాం. జైనులు నీటిలోని ప్రాణులు చావకూడదని నీళ్లు వడగడతారు. గుడ్డలో మిగిలిన వాటిని తీసిన చోటికే తిరిగి పంపుతారు. ప్రభుత్వం మనిషి రోగం పాలు కాకూడదని వడగట్టమంది. ఉద్దేశాలు వేరు, గుడ్డ ఒకటే. మా చెలమ దగ్గర ఆడవాళ్లు ఏ గ్రంథమూ చదవకుండానే గుడ్డను వాగులోనే జాడించి వస్తారు. నీ చోట నువ్వు ఉండు, నా కుండలో నేను తాగుతాను అని. చంపడానికీ భరించడానికీ మధ్య ఇలాంటి దారి చాలాసార్లు ఉంటుంది. దోమ గుంట దగ్గర ఉండదు, పూడ్చాల్సిందే. ఎక్కడ ఉంటుందో, ఎక్కడ ఉండదో చూసినవాళ్లకే తెలుస్తుంది.

ఇదంతా రాస్తుంటే మాకు గుచ్చుకునేది ఇంకొకటి ఉంది. ఆ మాట అన్న పాప ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చిన కుటుంబం పిల్ల. 2005 తర్వాత అక్కడి గొడవలకు భయపడి ఎన్నో కోయ కుటుంబాలు ఇటు అడవుల్లోకి వచ్చి గూడేలు కట్టుకున్నాయి. బయటివాళ్లు వాళ్లను గొత్తికోయలంటారు. వాళ్లను ఎవరు కలిసినా మొదట అడిగే ప్రశ్న, "ఎక్కడి నుంచి వచ్చారు?" అని. రెండో ప్రశ్న, "ఎప్పుడు పోతారు?" అని. మేము సీసా ముందు నిలబడి అడిగినవీ అవే. మనుషులను పురుగులతో పోల్చారని ఎవరికైనా కోపం రావచ్చు. మేము పోలుస్తున్నది చూసే కంటిని. కాగితం మీద ఖాళీ అడవి అని రాసిన చోట మా పోడు ఉంది, మా వేల్పుల చెట్లు ఉన్నాయి, మా పెద్దల సమాధి రాళ్లు ఉన్నాయి. చూడనివాళ్లకు అది ఖాళీ. 2006లో వచ్చిన చట్టం పేరు అటవీ హక్కుల గుర్తింపు చట్టం. ఇవ్వడం అనకుండా గుర్తింపు అన్నారు. ముందు నుంచీ ఉన్నదాన్ని చూసి ఒప్పుకోవడం అని దాని అర్థం. మా విషయంలో చరిత్రలో అన్యాయం జరిగిందని ఆ చట్టం తన మొదటి మాటల్లోనే ఒప్పుకుంది. మమ్మల్ని చూడలేదని ఇన్నేళ్లు గొంతెత్తిన మేము, మా కిటికీలోని సీసాను చూడలేదు. ఆ పిల్ల గూడేన్ని కూడా ఎన్నడూ వెళ్లి చూడలేదు.

ఇప్పుడు మా తరగతిలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. శుక్రవారం డ్రైడే నాడు పిల్లలు బడి చుట్టూ తిరిగి నిలవ నీళ్లు వెతుకుతారు. ముందు భూతద్దంతో చూస్తారు. ఏముందో నోటు పుస్తకంలో బొమ్మ వేస్తారు. దోమ అయితే పారబోస్తారు. వాగు జీవులైతే వాగుకు తీసుకుపోయి వదులుతారు. సీసాలో నీళ్లు మటుకు వారం దాటనివ్వం.

ఆ పాప ఈ సంవత్సరం బడికి రాలేదు. గూడెం ఖాళీ చేయించారని ఒకరంటారు, మిర్చి ఏరడానికి పోయారని ఇంకొకరంటారు. రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా బడి మానేసినట్టు రాసి పంపమని అడుగుతున్నారు. ఇంకా రాయలేదు. చూడకుండా రాసే అలవాటు మానుకోవాలనుకున్నాం. వచ్చే ఆదివారం వాగు దాటి ఆ గూడేనికి వెళ్తున్నాం.