బొమ్మలు గీసి చూపించాలా?

కజువో ఇషిగురో 2005లో రాసిన ‘నెవర్ లెట్ మి గో’ నవలలో టామీ అనే కుర్రాడు లోకంలో లేని జంతువుల బొమ్మలు గీస్తాడు. చిన్న నోటుపుస్తకం, అందులో ఇంతింత జంతువులు. దగ్గరగా చూస్తే ఒంటినిండా మరలు బిగించినట్టుంటాయి. టామీ, కాథీ, వాళ్ళ నేస్తాలూ అంతా క్లోన్లు. పెద్దయ్యాక ఒక్కొక్క అవయవమే ఇచ్చుకుంటూ పోవాలి. నిజంగా ప్రేమించుకున్న జంటకు మూడు నాలుగేళ్ళు వాయిదా ఇస్తారని వాళ్ళలో ఒక పుకారు. చిన్నప్పుడు తమ బొమ్మలు ఏరి పట్టుకుపోయిన మేడమ్‌ ఇంటికి, ఈ నోటుపుస్తకాలు తీసుకుని టామీ, కాథీ వెళ్తారు. అక్కడ వాళ్ళ పాత హెడ్‌మిస్ట్రెస్ మిస్ ఎమిలీ ఉన్నమాట చెప్పేస్తుంది. వాయిదా లేదు గీయిదా లేదు. బొమ్మలు పోగుచేసింది మీకూ ఆత్మ ఉందని లోకానికి రుజువు చేయడానికి. ఇది చెబుతున్నంతసేపూ ఆవిడ ధ్యాస సగం వాకిట్లోనే ఉంటుంది. తన మంచం పక్కన ఉండే బీరువాను తీసుకెళ్ళడానికి మనుషులు రావాలి, ఆవిడ బెంగ దాని గురించి. చెడ్డ మనిషి కాదు, ఆ పిల్లల కోసం పోరాడిన మనిషే. నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే.

ఈమధ్య వరసగా సైన్స్ ఫిక్షనే చదువుతున్నాను. ఏ పుస్తకం తీసినా ఎవరో ఒకరు రుజువు చేతపట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ అచ్చయింది 1818లో. అందులో విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ తయారుచేసిన ప్రాణి ఒక పల్లెటింటిని ఆనుకున్న కొట్టంలో దాక్కుని, గోడ సందులోంచి చూస్తూ నెలల తరబడి మాటలు నేర్చుకుంటుంది, చదవడం నేర్చుకుంటుంది. ఇంట్లో గుడ్డి ముసలాయన ఒక్కడే ఉన్న వేళ చూసి లోపలికెళ్ళి మాట కలుపుతుంది. ఆయన ఆదరంగానే వింటాడు. ఇంతలో కళ్ళున్న కొడుకు వచ్చి కర్రతో బాదుతాడు. నేర్చిన చదువంతా ఆ గడపలోనే చెల్లకుండా పోయింది.

నా మట్టుకు నేను ఆత్మను నమ్మను. దేవుడూ ఆత్మా లేకుండానే మనిషి విలువ నిలుస్తుందనుకునే వాతావరణంలో నా ఆలోచన పెరిగింది. ఇషిగురో లోకంలో ‘వీళ్ళకు ఆత్మ లేదు’ అన్నదే కత్తికి అనుమతి. మరి ఎవరికీ లేదనే నేను ఏ ఆధారంతో ఆ కత్తిని ఆపమంటాను? తెలివా? బాధా? భాషా? ఏది చెప్పినా అది మరో పరీక్షే. దానిలో తప్పేవాళ్ళు ఎవరో ఒకరు మిగులుతారు.

స్తానిస్వాఫ్ లెమ్ 1961లో రాసిన ‘సోలారిస్’ ఈ పరీక్షను చివరిదాకా లాక్కెళుతుంది. సోలారిస్ గ్రహం మీది సముద్రం, అక్కడికి వెళ్ళిన శాస్త్రవేత్త కెల్విన్ జ్ఞాపకంలోంచి, ఏనాడో చనిపోయిన అతని భార్య హేరీని తయారుచేసి పంపిస్తుంది. ఆమె గౌనుకు గుండీలున్నాయి, కానీ అవి ఉత్త అలంకారం. విప్పాలంటే కత్తెర పెట్టాల్సిందే. కెల్విన్ ఆమె నెత్తురు మైక్రోస్కోపు కింద పెడతాడు. కణాలున్నాయి, అంతా మామూలే. ఇంకా లోతుకు వెళితే, పరమాణువులు కనబడాల్సిన చోట ఏమీ లేదు. శూన్యం. పరీక్షలో ఆమె తప్పింది. అయినా ఆమెకు దుఃఖం ఉంది, తానెవరన్న అనుమానం ఉంది, చివరికి తన సంగతి తానే తేల్చుకునే ధైర్యమూ ఉంది. మొదట వచ్చిన హేరీని రాకెట్టులో పెట్టి పంపించేసిన కెల్విన్, రెండోసారి వచ్చినామెను వదల్లేకపోతాడు. ఈ మధ్యలో కొత్త రుజువేమీ దొరకలేదు. నాలుగు రోజులు కలిసి ఉన్నారు, అంతే.

గ్రహాంతరాల దాకా ఎందుకు, మన కవి గుర్రం జాషువా ఉన్నారుగా. పద్యం విని శెభాష్ అన్నవాళ్ళు, కులం అడిగి తెలుసుకుని లేచిపోయిన వైనం ఆయనే పద్యంలో చెప్పుకున్నారు. కవిత్వాన్ని మించిన బొమ్మ ఏముంటుంది చూపించడానికి? 1941 నాటి ‘గబ్బిలం’లో ఆయన నాయకుడు తన గోడు శివుడికి చెప్పమని ఒక గబ్బిలాన్ని బతిమాలుకుంటాడు. గుడిలోకి దానికి ప్రవేశం ఉంది, అతనికి లేదు. రుజువు చాలక కాదు కదా ఇదంతా. అడిగేవాడికి అది అక్కర్లేదు. అడగడం అన్నది తలుపు మూసి ఉంచే పద్ధతి.

అయితే కెల్విన్‌కు దొరికిన ఆ నాలుగు రోజులు అందరికీ దొరుకుతాయా అన్నది నాకు తేలలేదు. ఇషిగురో నవల మళ్ళీ తిరగేశాను. ఆ గుండెలూ కిడ్నీలూ అమర్చుకుని బతికినవాళ్ళు అందులో ఎక్కడా ఎదురుపడరు. వాళ్ళకీ పిల్లలుంటారు, ప్రాణభయం ఉంటుంది. వాళ్ళ వైపు నుంచి ఈ కథ ఎవరైనా రాస్తే చదవాలని ఉంది. రేపు మా ఇంట్లో ఒకరు ఆపరేషన్ బల్ల మీద ఉన్నప్పుడు, డాక్టరు కాగితం చాపితే, ఇది ఎవరిదని అడిగాకే సంతకం పెడతానా?