వేసవి దప్పిక - స్వామి పిలుపు

చైత్ర వైశాఖములు ప్రవేశించినంతనే ప్రతి యింటను వినవచ్చు మాట యొక్కటే: "అబ్బ! ఏమి యెండలు!" ఎండ కష్టమే. కాని చిన్న వస్తువుల విలువను మనకు నేర్పుటలో వేసవికి మించిన గురువు లేడు. మాఘమాసమున కడవలోని నీటిని తలచువారెవరు? వైశాఖమున మిట్టమధ్యాహ్నము ఇల్లు చేరినవానికి ఆ కడవనీరే అమృతము.

చిత్తూరు జిల్లాలోని పలమనేరు ఇందులకు చక్కని దృష్టాంతము. సముద్రమట్టమునకు సుమారు 680 మీటర్ల ఎత్తున నున్న యీ యూరికి చిత్తూరు వైపునుండి వచ్చువారు మొగిలి కనుమ నెక్కి రావలెను. క్రింద వడగాలికి వాడిన బాటసారికి కనుమ దాటిన పిమ్మట సాయంకాలపు చల్లగాలి తగిలినంతనే ప్రాణము లేచి వచ్చును. నీలగిరులు వేసవి విడుదులుగా పేరొందక పూర్వము మద్రాసులోని ఆంగ్లేయులు చల్లదనమునకై ఇచ్చటికి వచ్చెడివారు. ఆ గాలికి వెల లేదు. చింతచెట్టు నీడకును, వాకిట నీరు చల్లినపుడు లేచు మట్టివాసనకును వెల లేదు. ఇవి ధనికునకును పేదకును సమానముగా లభించిన ప్రసాదములు.

వీనిని ప్రసాదములనుట అతిశయోక్తి కాదు. నీటియందలి రుచియు, పృథివియందలి పుణ్యగంధమును తానేయని గీత 7వ అధ్యాయమున భగవానుడు సెలవిచ్చెను. తినెడి అన్నము, త్రాగెడి నీరు, నమలెడి తాంబూలము సర్వము కృష్ణుడేయని తలచిన నాయికను నమ్మాళ్వారు తిరువాయ్మొళిలో దర్శింపజేసిరి. కావున ఒక గ్రుక్కెడు చల్లని నీరు గొంతు దిగునపుడు "గోవిందా" యనుకొన్నచో ఆ క్షణమే ఆరాధన యగును.

అయితే ఆ సుఖము మన గొంతుతోనే ముగియరాదు. బెంగుళూరు, కోలారు, ముళబాగిలు వైపులనుండి తిరుపతికి పోవు త్రోవలో పలమనేరు కలదు. ఈ మెట్టసీమలో చెరువులెండిన వేసవిలో ఇంటి నీరు కొలతకు వచ్చును. అట్టి దినమున కాలినడకన వచ్చిన యాత్రికుడు వాకిట నిలిచి "అమ్మా! దాహము" అనును. ఇల్లాలి చూపు కడవవైపు పోవును. ఉన్నది సగము కడవ. అందులో మఱునాటి తిరువారాధనకు కొంత, పసిబిడ్డలకు కొంత. ఏమి చేయవలెను?

ఇట్టి సంకటమే 11వ శతాబ్దమున తిరుమలనంబికి కలిగినది. ఆయన శ్రీరామానుజులకు మేనమామ, రామాయణార్థములను బోధించిన ఆచార్యుడు. స్వామి అభిషేకమునకై పాపవినాశనమునుండి నిత్యము నీరు మోసి తెచ్చెడివాడు. ఒకనాడు త్రోవలో నొక వేటగాడు "తాతా! దాహము" అని యడిగెను. ఇది స్వామి తీర్థము, ఈయరాదని నంబి సాగిపోయెను. వేటగాడు వెనుకనుండి బాణముతో కుండకు చిల్లి చేసి నీరు త్రాగెను. కుండ వట్టిదగుట చూచి నంబి దుఃఖింపగా, ఆతడు కొండపై బాణము వేసి క్రొత్త జలధారను రప్పించి అంతర్ధానమయ్యెను. ఆ ధారయే ఆకాశగంగ యని పెద్దలు చెప్పుదురు. తిరుమలలో ఏటేట జరుగు తన్నీరముదు ఉత్సవము ఈ కథను స్మరింపజేయుచున్నది.

నంబిది దోషము కాదు, కైంకర్యనిష్ఠ. ఆ నిష్ఠకు మెచ్చియే స్వామి మఱియొక రహస్యమును తెలిపెను: గర్భాలయమున అభిషేకమందువాడును, త్రోవలో దప్పిగొని నిలిచినవాడును ఒక్కడే. ఇది తెలిసిన యిల్లాలు చెంబు ముంచుటకు వెనుదీయదు. యాత్రికుడు త్రాగి "చల్లగా నుండు తల్లీ!" యన్నపుడు ఆమె మనస్సున కలుగు చల్లదనమును కనుమగాలి కూడ ఈయజాలదు.

స్కాందపురాణమునందలి వైశాఖమాహాత్మ్యము చలివేంద్రమును గొప్ప దానముగా కీర్తించినది. అందఱును పందిళ్లు వేయలేకపోవచ్చును. వాకిట నొక కుండ, గోడపై పక్షులకొక మూకుడు నీరు, శ్రీరామనవమినాడు పొరుగువారికొక గ్లాసు పానకము ఎవరికిని భారము కావు.

దప్పికను తీర్చువాడును, దప్పికగా వచ్చి పిలుచువాడును తానేయైన శ్రీనివాసుడు ఆ పిలుపును గుర్తించు హృదయమును మన కెల్లరకు అనుగ్రహించుగాక!