నమ్మి వెంట వచ్చిన ప్రాణి

మహాప్రస్థానంలో హస్తినాపురం నుంచి బయల్దేరిన పాండవులు ఐదుగురు, ఆరో మనిషి ద్రౌపది. ఏడోది, పిలవకుండానే వెంట నడిచిన ఓ కుక్క. దారిలో ద్రౌపది మొదలు భీముడి దాకా ఒక్కొక్కరే నేలకొరిగారు. చివరికి ధర్మరాజు, ఆ కుక్క మిగిలారు. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమన్నాడు. కుక్కకు మాత్రం స్వర్గంలో చోటు లేదన్నాడు. అయితే ఆ స్వర్గం తనకూ వద్దన్నాడు ధర్మరాజు. తమ్ముళ్లనూ భార్యనూ దారిలో వదిలి వచ్చినవాడు కుక్కను వదల్లేడా అని ఇంద్రుడు నిలదీశాడు. వాళ్లు ప్రాణం పోయాకే దూరమయ్యారని, బతికుండగా ఎవరినీ విడిచిపెట్టలేదని, నమ్మినదాన్ని వదిలేయడం మహాపాతకమని ధర్మరాజు బదులిచ్చాడు. కుక్క రూపంలో వచ్చింది సాక్షాత్తూ ధర్మదేవతే.

తిక్కన తెనిగించిన 15 పర్వాల్లో మహాప్రస్థానిక పర్వం ఒకటి. ఈ కథ మనకు కొత్త కాదు. అయితే ఒక్క విషయం గమనించాలి. కుక్కను వెంట రానిచ్చిన రోజున ధర్మరాజుకు పరీక్ష ఎదురుకాలేదు. దాన్ని వదిలేస్తే లాభం కలిగే ఘడియలో ఎదురైంది.

జంతు సంరక్షణ కేంద్రాలకు చేరే ఎన్నో ప్రాణుల కష్టం ఆ ఘడియలోనే మొదలవుతుంది. అక్కడున్నవన్నీ వీధిలో పుట్టినవి కావు. బదిలీ అయిందని, ఇంటి ఓనరు ఒప్పుకోలేదని, ముసలిదైపోయిందని వదిలించుకున్నవీ ఉంటాయి. పెంచుకున్న జంతువును తిండీ నీళ్లూ దొరకని స్థితిలో అకారణంగా విడిచిపెట్టడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం.

హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో ప్రారంభించిన బ్లూ క్రాస్ లాంటి సంస్థలు గాయపడిన జంతువులకు వైద్యం చేస్తాయి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తాయి, టీకాలు వేస్తాయి, పెంచుకుంటామని ముందుకొచ్చేవారికి దత్తత ఇస్తాయి.

అలా ఇంటికి వచ్చిన కుక్క మొదటిరోజే తోక ఊపుతుందని ఆశించకూడదు. మంచం కిందికి దూరి మూల నక్కుతుంది. గిన్నెలో పెట్టిన పెరుగన్నం ముట్టదు. ఎవరైనా చీపురు చేతిలోకి తీసుకుంటే చాలు, వణికిపోతుంది. ఇంటిల్లిపాదీ పడుకున్నాక మెల్లగా వచ్చి గిన్నె ఖాళీ చేస్తుంది. దానికి నమ్మకం కుదరడానికి వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. ఆ ఓపికే ఇక్కడ సాధన.

అరుణాచలంలో రమణ మహర్షి ఈ సాధనను నిత్యజీవితంగా చేసి చూపించారు. ఆశ్రమంలోని కుక్కలను ఆయన పిల్లలనే అనేవారు. ముందు వాటికి అన్నం పెట్టించేవారు, ఆ తర్వాతే భక్తులకు. దూడగా వచ్చిన ఆవు లక్ష్మి 1948లో కన్నుమూస్తే సమాధి కట్టించారు. జాకీ అనే కుక్కకూ అక్కడ సమాధి ఉంది. ఆశ్రమ జీవితాన్ని సూరి నాగమ్మ గారు తెలుగులోనే లేఖలుగా రాసిపెట్టారు. ఆశ్రమానికి వచ్చిన ప్రాణికి చివరి ఊపిరి దాకా అక్కడ చోటు ఉండేది.

కుక్కపిల్లను కొనాలనుకుంటున్నవారు ముందు దగ్గర్లోని సంరక్షణ కేంద్రానికి ఒకసారి వెళ్లండి. కుక్క పది పదిహేనేళ్లు బతుకుతుంది. ఈలోగా ఇల్లు మారినా, ఊరు మారినా, దానికి జబ్బు చేసినా చూసుకోగలమా అని ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. చూసుకోగలమనుకుంటే, ముద్దొచ్చే పిల్లలను దాటి రెండడుగులు ముందుకు వేసి, ఎవరూ అడగని ముసలిదాన్నో కుంటిదాన్నో కూడా ఒకసారి చూడండి. పెంచే వీలు లేనివారు ఆ కేంద్రానికి నెలకో బియ్యం బస్తా పంపినా మంచిదే.