మూడున్నర చుట్లు

నేను సందు మలుపు తిరుగుతుండగానే మేస్త్రి వినేశాడు. బండి షెడ్డు ముందు ఆపి దిగేలోపే, "స్లోలో నిలబడట్లేదు కదా బాబూ" అన్నాడు. అవునన్నాను. అప్పటికి మూడు నెలలుగా అదే తంతు. యాక్సిలరేటర్ మీద కాలుంటే పరుగెడుతుంది. కాలు తీస్తే సైలెన్సర్‌లో రెండు టపాకాయలు పేలి ఊరుకుంటుంది. పాడేరు ఘాట్‌లో ఓ మలుపు దగ్గర, వెనక బస్సు హారన్ మోగిస్తుంటే, ఎడం చేత్తో చోక్ లాగుతూ కుడిచేత్తో సెల్ఫ్ కొట్టిన రోజు నేనింకా మర్చిపోలేదు.

మా జిప్సీ 970 సీసీది. మారుతి 1985 డిసెంబరులో ఈ బండిని తెచ్చినప్పటి ఇంజనే. నాలుగు సిలిండర్లు, నలభై అయిదు గుర్రాల బలం, నెత్తిన ఒక కార్బురేటర్. 1996లో 1300 సీసీ వచ్చింది, 2000లో కార్బురేటర్ పోయి కంప్యూటర్‌తో నడిచే ఎంపీఎఫ్‌ఐ వచ్చింది. నాది ఆ మార్పులన్నిటికంటే ముందుది. నేను దానికి మూడో యజమానిని. ముందు ఇద్దరూ ఏమేం పీకారో, ఏమేం మూశారో కాగితాల్లో ఉండదు.

కార్బురేటర్‌లో పెద్ద రహస్యమేమీ లేదు. గొట్టం మధ్యలో సన్నబడితే అక్కడ గాలి వేగం పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. ఇటలీ దేశపు వెంచూరి అనే ఆయన 1797లోనే దీని గురించి రాశాడు. ఆ సన్నపు చోట ఒక చిల్లు పెడితే పెట్రోలు తనంతట తానే పైకి లేచి గాలిలో కలుస్తుంది. బరువులో పద్నాలుగు, పదిహేను పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు. ఈ లెక్క కుదిరితే చాలు.

చిక్కల్లా ఏమిటంటే, లెక్క ఎటు తప్పినా ఇంజన్ ఒకేలా మూలుగుతుంది. పెట్రోలు చాలకపోయినా తడబడుతుంది, ఎక్కువై ముక్కుల దాకా వచ్చినా తడబడుతుంది. ఆకలికీ అజీర్తికీ ఒకటే ఏడుపు. చంటిపిల్లల్ని పెంచినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. అందుకే అనుభవమున్నవాడు ముందు చోక్ సగం లాగి చూస్తాడు. చోక్ అంటే గాలి దారి నొక్కడమే. నొక్కితే బండి తేరుకుందా, పెట్రోలు చాలట్లేదు. ఇంకా మునిగిపోయిందా, పెట్రోలు ఎక్కువైంది. ఇంత చవకైన, ఇంత నిజాయితీగల పరీక్ష నాకు వైద్యంలో కూడా తెలియదు.

నేనేమీ తెలియనివాణ్ణి కాదు, అదే నా ఖర్మ. ఈ పరీక్ష మొదట్లోనే చేశాను. చోక్ లాగితే బండి తేరుకుంది. సరే, పెట్రోలు చాలట్లేదన్నమాట అని జెట్లు విప్పి గాలి కొట్టించాను. ఫిల్టర్ మార్చాను. కార్బురేటర్ కిట్ కొని ప్యాకింగులన్నీ కొత్తవి వేశాను. పెట్రోల్లో కలిపే ఇథనాల్‌ని తిట్టాను. ఈ రోజుల్లో ఏ పాత బండి మొరాయించినా ఆ నింద ఇథనాల్ మీదే పడుతోంది. కొంత నిజమే. దానిలో సొంత ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్టు నుంచి వచ్చే మోతాదు ఇంజన్‌కి చాలదు. నీటిని కూడా పీల్చుకుంటుంది. పాత రబ్బరుకు అదంటే పడదు. కానీ నా కేసులో ముద్దాయి అది కాదు.

ఇవన్నీ అయ్యాక కూడా బండి నిలబడకపోతే, మిక్చర్ స్క్రూ కొంచెం వదులు చేశాను. పెట్రోలు కాస్త పెరిగి బండి నిలబడింది. పది రోజులకి మళ్లీ ఆగిపోతే ఇంకొంచెం. తర్వాత ఐడిల్ స్క్రూ అర చుట్టు బిగించాను. ఇలా ఎన్నిసార్లు? గుర్తులేదు. ప్రతిసారీ బాగైందనే అనుకున్నాను.

మేస్త్రి మొదట ఫ్లోట్ చాంబర్ పక్కనున్న చిన్న గాజు కిటికీలోకి టార్చి వేసి చూశాడు. పెట్రోలు మట్టం చుక్క మధ్యలోనే ఉంది. అంటే ఓవర్‌ఫ్లో లేదు, పంపు అందిస్తోంది. తర్వాత సన్న స్క్రూడ్రైవర్ తీసుకుని మిక్చర్ స్క్రూని మెల్లగా లోపలికి తిప్పుతూ పెదాలు కదుపుతున్నాడు. మంత్రమేమో అనుకున్నాను. చుట్లు లెక్కపెడుతున్నాడు. అడుక్కి తగలగానే వదిలేశాడు, బిగించలేదు. బిగిస్తే సూదిమొన మీద గాడి పడుతుందట.

"మూడున్నర" అన్నాడు. "ఉండాల్సింది రెండుకి అటూ ఇటూ. మిగతా ఒకటిన్నర ఎవరిది బాబూ?"

నాదే. ఒప్పుకున్నాను. ఆయన నవ్వలేదు. స్క్రూని మళ్లీ సరిగ్గా మూడున్నర చుట్లు బయటికి తెచ్చి, బండి స్టార్ట్ చేయమన్నాడు. ఉన్న రోగాన్ని ఉన్నట్టే ముందు చూడాలన్నది ఆయన పద్ధతి.

కార్బురేటర్ కింద మానిఫోల్డ్ వెనక వైపు ఎప్పుడో ఏదో గొట్టం ఉండేది. పాత యజమాని ఎవరో తీసేసి, ఆ కొసకి రబ్బరు మూత తొడిగాడు. వేలి గోరంత మూత. వేడికి ఎండి, అడుగున వెంట్రుకవాసి చీలిక పడింది. ఇంజన్ స్లోలో ఉన్నప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది. లోపలికి పోయే గాలే తక్కువ, లాగే బలం మాత్రం ఎక్కువ. అప్పుడు సూదిబెజ్జం కూడా సింహద్వారమే. యాక్సిలరేటర్ తొక్కితే గాలి ఎటూ బోలెడు వస్తుంది కాబట్టి ఆ దొంగగాలి లెక్కలోకి రాదు. కాలు తీసినప్పుడే బండి ఎందుకు ఆగుతోందో అప్పటికి గానీ నాకు తెలియలేదు.

మేస్త్రి ఆ మూత మీద బొటనవేలు అదిమి పట్టాడు. బండి బాగుపడుతుందని చూస్తున్నాను. గుడగుడమని నాలుగుసార్లు ఊగి, నల్లపొగ వదిలి, ఆగిపోయింది.

అసలు సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ మూతని నేను రెండు నెలల కిందటే చూశాను. ఇలాగే వేలు పెట్టాను. అప్పుడూ ఇంజన్ ఆగిపోయింది. ఓహో, దీనికి ఈ గాలి కావాలి కాబోలు అనుకుని చెయ్యి తీసేశాను. దొంగ చేతికి చిక్కితే, ఇంట్లోవాడే అనుకుని మర్యాదగా వదిలిపెట్టాను. అప్పటికే స్క్రూలన్నీ ఆ చీలికకి తగ్గట్టు తిప్పేసి ఉన్నాయి. ఇప్పుడు చీలిక మూస్తే నేను పోసిన అదనపు పెట్రోలే దాని పీక నొక్కింది. మందు వేస్తే రోగం వచ్చినట్టు కనబడింది.

మా నాన్న పోర్టులో ఇరవై ఏళ్లు రాత్రి షిఫ్టు చేశాడు. పగలు ఆయన పడుకుంటే మేం గుసగుసగా మాట్లాడుకునేవాళ్లం. కుక్కర్ విజిల్ రాకముందే అమ్మ స్టవ్ తగ్గించేది. రేడియో పక్కింట్లో వినేవాళ్లం. ఆయనకి పగటి షిఫ్టు వచ్చిన రోజు పండగ చేసుకోవాల్సింది. కానీ ఆ నెలంతా ఇంట్లో ఏదో ఒక గొడవ. రాత్రి పక్కన మనిషి అలికిడికి అమ్మకి నిద్రపట్టేది కాదు. మాకు గట్టిగా మాట్లాడటం రాదు. "పాతదే నయం" అని అమ్మ ఓ రోజు అనేసింది కూడా. ఆ మాటకి నాన్న ముఖం ఎలా మారిందో, ఆ షెడ్డులో ఆగిపోయిన బండి పక్కన నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది.

సర్దుకుపోవడం మనకి ఉగ్గుపాలతో పోస్తారు. పెళ్లిలో, అద్దె ఇంట్లో, ఆఫీసులో, రైలు పెట్టెలో. దాన్ని నేను తక్కువ చేయను. నాలుగో మనిషి కూర్చోవాలంటే ముగ్గురూ జరగాల్సిందే. కానీ ఎంత జరిగామో ఎవరం లెక్కపెట్టం. కార్బురేటర్ కూడా మనలాంటిదే, ఎంత తప్పునైనా రెండు స్క్రూలతో సర్దేసుకుంటుంది. ఎంపీఎఫ్‌ఐ బండ్లలో కంప్యూటర్ కూడా సెన్సర్ చెప్పినట్టు పెట్రోలు పెంచుతూ తగ్గిస్తూ సర్దుకుంటూనే ఉంటుంది. తేడా ఏమిటంటే ఎంత సర్దిందో రాసి పెట్టుకుంటుంది, హద్దు దాటితే దీపం వెలిగిస్తుంది. నా చేతికి అలాంటి దీపం లేదు.

మేస్త్రి కొత్త మూత తొడిగి చిన్న క్లిప్పు బిగించాడు. మిక్చర్ స్క్రూ రెండు చుట్లకి తెచ్చాడు. నేను బిగించిన ఐడిల్ స్క్రూని వెనక్కి తిప్పాడు. బండి వేడెక్కే దాకా టీ తాగాం. ఆ తర్వాత పని అంతా చెవితోనే. స్క్రూ పావు చుట్టు లోపలికి పోతే ఇంజన్ కుంగుతుంది, బయటికి వస్తే లేస్తుంది, ఇంకా వస్తే బరువుగా కొట్టుకుంటుంది. లేచిన చోటు నుంచి ఒక్క వెంట్రుక లోపలికి తిప్పి చెయ్యి తీశాడు. అద్దం మీద పెట్టిన రూపాయి బిళ్ల కదలనంత నెమ్మది కాదు గానీ, తొమ్మిది వందల ఆర్‌పీఎం లోపు నిలబడింది.

మూతకి పది రూపాయలు, పనికి మూడు వందలు. నేను అనవసరంగా మార్చిన కిట్ ఖరీదు ఇక్కడ రాయను.

ఇప్పుడు స్క్రూ ఒకటీ ముప్పావు చుట్ల దగ్గరుంది. తారీఖుతో సహా బానెట్ లోపలి వైపు తెల్ల పెయింటుతో రాశాను. మీ దగ్గరా ఇలాంటి పాత బండి ఉంటే, స్క్రూడ్రైవర్ పెట్టే ముందు దయచేసి చుట్లు లెక్కపెట్టి ఎక్కడైనా రాసుకోండి.