పగ తీరితే గాయం మానుతుందా?

దావీదు మహారాజు చేసిన పాపం మనందరికీ తెలిసిన కథే. ఒక సాయంకాలం మేడ మీద తిరుగుతూ ఊరియా భార్య బత్షెబను చూశాడు. ఆశపడ్డాడు. ఆమె గర్భవతి అయిందని తెలిశాక నిజాన్ని కప్పిపుచ్చడానికి ఊరియాను యుద్ధభూమి నుండి ఇంటికి రప్పించాడు. ఆ ఎత్తు పారలేదు. చివరికి ఆ అమాయకుని మరణానికి ఆజ్ఞ రాసి, ఆ ఉత్తరాన్ని అతని చేతికే ఇచ్చి సేనాని వద్దకు పంపాడు. సమూవేలు రెండవ గ్రంథం 11వ అధ్యాయంలో ఉన్న ఈ వృత్తాంతంలో వ్యభిచారం ఉంది, మోసం ఉంది, హత్య ఉంది, హత్యను దాచే ప్రయత్నమూ ఉంది. పవిత్ర గ్రంథం ఈ చీకటిని మన ముందు దాచలేదు. దాచకపోవడానికి కారణం ఉంది.

ఈ నాలుగు దినుసులతోనే గత శతాబ్దం మధ్యకాలంలో ఫ్రాన్సు, ఇటలీ, స్పెయిన్ దేశాల దర్శకులు ఎన్నో సినిమాలు తీశారు. దాంపత్య ద్రోహం, దాని వెంట పగ, పగ వెంట పోలీసులు. ఆ పాత చిత్రాలు ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూసే వీలు వచ్చింది. “ఇలాంటివి కతోలిక కుటుంబాలు చూడవచ్చా?” అని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. రెండవ వాటికన్ మహాసభ 1963లో సమాచార సాధనాల గురించి వెలువరించిన ప్రకటనలో దీనికి ఒక దారి చూపింది. చెడును చూపించడం వల్ల మానవుణ్ణి లోతుగా తెలుసుకునే మేలు కలగవచ్చు. అయితే అది నైతిక నియమానికి లోబడి ఉండాలి, ఆత్మకు హాని చేయరాదు అన్నది దాని సారాంశం. ఇవి పసిపిల్లలు చూడవలసిన చిత్రాలు కావు. కాని పెద్దలు ఆలోచించదగిన ప్రశ్న ఒకటి వాటిలో ఉంది: ద్రోహానికి గురైన మనిషి పగ తీర్చుకుంటే, న్యాయం జరిగినట్టేనా?

ఒక్క మాట అడగని భర్త

1969లో ఫ్రెంచి దర్శకుడు క్లోద్ షబ్రోల్ ‘లా ఫామ్ ఇన్ఫిదేల్’ అనే సినిమా తీశాడు. ‘విశ్వాసం తప్పిన భార్య’ అని అర్థం. హాలీవుడ్ వారు 2002లో దీన్ని ‘అన్‌ఫెయిత్‌ఫుల్’గా మళ్లీ తీశారు. దాని ప్రేరణతోనే 2004లో హిందీలో ‘మర్డర్’ వచ్చింది. మన యువతీయువకులకు ఈ కథ ఆ దారిలో కొంత తెలిసే ఉంటుంది. కాని మూలచిత్రం వేరే తీరుది.

షార్ల్, ఎలెన్ భార్యాభర్తలు. పారిస్ నగరానికి దాపున చక్కని ఇల్లు, తోట, ఒక్కగానొక్క కొడుకు. కొట్లాట లేదు, కేక లేదు. భార్యకు పరాయి పురుషునితో సంబంధం ఉందని భర్తకు అనుమానం వస్తుంది. డబ్బిచ్చి ఒక డిటెక్టివ్‌ను పెట్టి, ఆ మనిషి పేరు, చిరునామా, ఫోటో సంపాదిస్తాడు. తర్వాత అతని ఇంటికే వెళ్తాడు. కోపం చూపడు. మర్యాదగా కూర్చుని, తమ దంపతుల మధ్య ఇలాంటివి మామూలే అన్నట్టు మాట్లాడతాడు. ఇంతలో, తాను ఒకనాడు భార్యకు బహూకరించిన లైటర్ ఆ ఇంట్లో కనబడుతుంది. అంతవరకు బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా తెగిపోతుంది. చేతికందిన రాతి విగ్రహంతో అతణ్ణి కొట్టి చంపేస్తాడు. నేల మీద రక్తం తుడిచి, వేలిముద్రలు చెరిపి, శవాన్ని మూటగట్టి కారులో తీసుకుపోయి చెరువులో పడవేస్తాడు.

ఈ కథలో గమనించవలసినది హత్య ఒక్కటే కాదు. భర్త డిటెక్టివ్‌తో మాట్లాడాడు, భార్య ప్రియునితో మాట్లాడాడు. కాని “ఎందుకిలా చేశావు?” అని భార్యను మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. పోలీసులు ఇంటికి వచ్చి ప్రశ్నలు వేసినా, భార్యాభర్తలు ఒకరికొకరు నోరు విప్పలేదు. ఒకే కప్పు కింద, ఒకే బల్ల వద్ద, ఒకరి రహస్యం ఒకరికి తెలియదన్నట్టు భోజనం చేస్తారు. నడుమ కొడుకు బొమ్మ ముక్కలు అతికించే ఆట ఆడుకుంటూ, ఒక ముక్క పోయిందని గొడవ చేస్తాడు. ఆ ఇంట్లో పోయిన ముక్క ఏమిటో ఆ బిడ్డకు తెలియదు. కాని ఏదో లేదని మాత్రం తెలుసు. బిడ్డలకు ఎప్పుడూ తెలుస్తుంది.

చివర్లో భర్త కోటు జేబులో ఆ ఫోటో భార్యకు దొరుకుతుంది. ఎవరు చంపారో ఆమెకు అర్థమవుతుంది. ఆమె దాన్ని కాల్చివేసి, మౌనంగా భర్త వద్దకు వస్తుంది. వారిద్దరూ ఒకరికొకరు దగ్గరైనట్టు అనిపించే ఆ క్షణంలోనే పోలీసులు మళ్లీ వస్తారు. భర్త వారి వద్దకు నడిచి వెళ్తాడు. ప్రేమ తిరిగి వచ్చిందే అనుకుందాం. కాని ఎంత ఆలస్యంగా వచ్చింది! ఎంత వెల చెల్లించి వచ్చింది! ఒక మనిషి ప్రాణం పోయింది, తండ్రి కొడుకుకు దూరమయ్యాడు. వారిద్దరినీ కలిపినది క్షమాపణ కాదు, దాచుకున్న ఒక నేరం. మొదటి రోజునే ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ ఇంట్లో కన్నీళ్లు వచ్చేవి, కేకలు వినబడేవి, బహుశా వారు విడిపోయేవారేమో కూడా. కాని చెరువులో శవం ఉండేది కాదు.

మనం ఎవరి పక్షం?

ఇప్పుడు చూసేవారి సంగతి. షార్ల్ శవాన్ని కారు డిక్కీలో పెట్టుకుని వెళుతుంటే దారిలో ఒక లారీ వచ్చి కారును గుద్దుతుంది. జనం పోగవుతారు. ఆ క్షణంలో ప్రేక్షకుని గుండె దేనికోసం కొట్టుకుంటుంది? డిక్కీ తెరుచుకోకూడదని! చెరువులో మూట నెమ్మదిగా మునుగుతుంటే, త్వరగా మునగాలని కోరుకుంటాం. హంతకుడు దొరకకూడదని మనమే కోరుకుంటున్నాం. ఎందుకు? అతడు మోసపోయినవాడు కాబట్టి. మోసపోయినవాడు ఏం చేసినా కొంత న్యాయమేనని మన హృదయంలో ఎక్కడో ఒక తీర్పు ముందే రాసి ఉంది కాబట్టి.

షబ్రోల్ యాదృచ్ఛికంగా ఇలా తీయలేదు. 1957లో ఆయన, ఎరిక్ రోమర్ కలిసి హిచ్‌కాక్ సినిమాల గురించి ఒక పుస్తకం రాశారు. హిచ్‌కాక్ కతోలిక కుటుంబంలో పుట్టి, లండన్‌లో యేసుసభ గురువుల బడిలో చదువుకున్నవాడు. ఒకరి నేరం మరొకరి భుజాల మీదికి ఎలా పాకుతుందో చూపడమే హిచ్‌కాక్ కథల లోతు అని ఆ యువకులు వాదించారు. ఈ సినిమాలో ఆ నేరం తెర దాటి చూసేవారి భుజాల మీదికి వస్తుంది.

నాతాను ప్రవక్త దావీదు వద్దకు వచ్చి చేసిన పని కూడా ఇదే. పేదవాని గొఱ్ఱెపిల్లను దోచుకున్న ధనవంతుని కథ చెప్పాడు. రాజు మండిపడి, అలాంటివాడు చావదగినవాడని తీర్పు చెప్పాడు. ఆ మనిషివి నీవే అని అప్పుడు ప్రవక్త తెలియజేశాడు. మంచి కథ మనకు అద్దం వంటిది. సినిమా ముగిశాక మనం అడగవలసిన ప్రశ్న, “వాళ్లెంత చెడ్డవాళ్లు!” అన్నది కాదు. “ఆ శవం మునగాలని నేనెందుకు కోరుకున్నాను?” అన్నది. అది మంచి ఆత్మపరిశీలన.

ఒక రహస్యం కోసం రెండవ పాపం

ద్రోహం చేసినవారి వైపు నుంచి చూపిన చిత్రం 1955లో స్పెయిన్‌లో వచ్చింది. హువాన్ ఆంతోనియో బార్దెమ్ తీసిన ‘సైకిలిస్టు మరణం’ అది. ఒక విశ్వవిద్యాలయ అధ్యాపకుడు, ఒక ధనికుని భార్య రహస్యంగా కలుసుకుని కారులో తిరిగి వస్తూ సైకిలు మీద పోతున్న ఒక కార్మికుణ్ణి గుద్దుతారు. అతడింకా బతికే ఉన్నాడు. ఆసుపత్రికి తీసుకుపోతే తమ సంబంధం బయటపడుతుంది. అందుకని అతణ్ణి రోడ్డు మీదే వదిలి వెళ్లిపోతారు. అతడు చనిపోతాడు.

వారి మొదటి పాపం రెండవ పాపాన్ని కన్నది. మంచి సమరీయుని ఉపమానంలో యాజకుడు, లేవీయుడు పక్కనుంచి తప్పుకుని పోయారు. వీరూ అంతే. అధ్యాపకుని మనస్సాక్షి మేలుకుంటుంది, పోలీసుల ముందు నిజం ఒప్పుకుందామంటాడు. ఆ స్త్రీ తన హోదాను, సుఖాన్ని వదులుకోలేక అతణ్ణే కారుతో తొక్కించి చంపేస్తుంది. వేగంగా పారిపోతూ, ఎదురుగా వచ్చిన మరొక సైకిలిస్టును తప్పించబోయి వంతెన మీదినుంచి పడి చనిపోతుంది. ఆ సైకిలిస్టు ఒక్క క్షణం నిలబడి చూస్తాడు. తర్వాత వెలుగు కనబడుతున్న ఒక ఇంటివైపు సాయం కోసం సైకిలు తొక్కుతాడు. ఆమె ఎవరో, ఏం చేసిందో అతనికి తెలియదు. చదువుకున్నవారు చేయనిది ఆ సామాన్యుడు చేశాడు. కథంతా చీకటిగా ఉన్నా ఆ ఒక్క దీపం చాలు.

పరువు పేరిట

“పగ పాపమే. కాని పరువు మాటేమిటి?” అనేవారున్నారు. ఇటలీలో ఈ మాట చట్టంలోనే ఉండేది. భార్యను గాని, భర్తను గాని, కూతురిని గాని, అక్కచెల్లెళ్లను గాని అక్రమ సంబంధంలో చూసి ఆవేశంలో చంపినవారికి శిక్ష 3 నుంచి 7 సంవత్సరాలే అని శిక్షాస్మృతి 587వ అధికరణం చెప్పింది. 1961లో పియెత్రో జెర్మి అనే దర్శకుడు ‘ఇటలీ తరహా విడాకులు’ అనే వ్యంగ్య చిత్రంలో దీన్ని ఎండగట్టాడు. భార్యను వదిలించుకోవాలనుకున్న ఒక సిసిలీ జమీందారు, ఆమెను తానే ఒక ప్రియుని వైపు నెట్టి, ఆ తర్వాత ‘పరువు’ కోసం చంపే పథకం వేస్తాడు. జనం నవ్వారు. కాని ఆ నవ్వు వెనుక సిగ్గు ఉంది. ఆ అధికరణాన్ని ఇటలీ 1981లో రద్దు చేసింది.

పరువు అనే మాటను కొంచెం గీకి చూస్తే, దాని అడుగున తరచుగా ఉండేది అహంకారమే. లోకులు ఏమనుకుంటారో అన్న భయమే. పునీత జోజప్పగారిని తలచుకోండి. తనకు ప్రధానం చేయబడిన మరియమ్మ గర్భవతి అని తెలిసినప్పుడు, దేవదూత ఇంకా ఏమీ చెప్పకముందు, ఆయనకు పరువు లేదా? ధర్మశాస్త్రం ఆయన పక్షాన లేదా? అయినా ఆమెను నలుగురిలో అవమానపరచడానికి ఇష్టపడలేదు. మత్తయి సువార్త ఆయనను నీతిమంతుడు అన్నది ఆ సందర్భంలోనే. నీతి అంటే ఎదుటివారిని బజారుకు ఈడ్చడం కాదని ఆయన మనకు నేర్పాడు.

క్షమ అంటే కళ్లు మూసుకోవడం కాదు

ఇంతవరకు చదివి, “ఈ సలహాలు చెప్పడం తేలిక, అనుభవించేవారికి తెలుస్తుంది” అని నిట్టూర్చే పాఠకులు ఉంటారు. వారి బాధ నిజమైనది. శ్రీసభ దాన్ని చిన్నచూపు చూడదు. వ్యభిచారం అన్యాయమని, జ్ఞానవివాహపు ఒడంబడికకు తగిలిన గాయమని సత్యోపదేశం స్పష్టంగా చెబుతోంది. 1983 నాటి శ్రీసభ చట్టంలో 1152వ నిబంధన, ద్రోహానికి గురైన భర్త గాని భార్య గాని క్రైస్తవ ప్రేమతో, కుటుంబ క్షేమం కోసం క్షమించడాన్ని నిరాకరించవద్దని గట్టిగా కోరుతుంది. కాని అదే నిబంధన, క్షమించలేని స్థితిలో వేరుగా ఉండే హక్కును కూడా గుర్తిస్తుంది. హింస, ప్రమాదం ఉన్నచోట వేరు కావడానికి దాని తర్వాతి నిబంధన అవకాశం ఇస్తుంది. వేరుగా ఉన్నంత మాత్రాన వివాహబంధం తెగిపోదు. బిడ్డల పోషణ, చదువు ఇద్దరి బాధ్యతే.

కనుక క్షమ అంటే దెబ్బలు తింటూ నోరు మూసుకోవడం కాదు. “ఆడదానివి, సర్దుకుపో” అని భార్యకు చెప్పి, అదే తప్పు ఆమె చేస్తే కత్తి ఎత్తడం అసలే కాదు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని యేసు ప్రభువు వద్దకు ఈడ్చుకొచ్చిన రోజున ఆమెతో పాపం చేసిన పురుషుణ్ణి ఎవరూ తీసుకురాలేదు. ఈ లెక్క నేటికీ మన ఊళ్లలో సరికాలేదు. ప్రభువు ఆమెను రాళ్ల నుండి కాపాడాడు. ఆమె పాపం పాపం కాదనలేదు, ఇకమీదట చేయవద్దని పంపాడు. సత్యం, కరుణ రెండూ ఆ ఒక్కచోట కలిశాయి.

పగకు మౌనం కావాలి. పథకం వేయడానికి, సాక్ష్యం చెరపడానికి, ముఖం మీద చిరునవ్వు అతికించుకోవడానికి మౌనమే పనికొస్తుంది. క్షమకు మాట కావాలి. “నాకు తెలిసింది, నాకు నొప్పిగా ఉంది” అని ఒకరు అనాలి. “నేను తప్పు చేశాను” అని మరొకరు అనాలి. పాపసంకీర్తనంలో మనం చేసేది కూడా ఇదే కదా! పాపాన్ని నోటితో పలకనిదే విమోచన వాక్యం వినబడదు.

ఆ కాలపు భర్త డిటెక్టివ్‌ను పెట్టాడు. నేటి భార్యాభర్తలు రాత్రివేళ ఒకరి సెల్‌ఫోన్ ఒకరు దొంగతనంగా చూసుకుంటున్నారు. సాధనం మారింది, మౌనం మారలేదు. మీ ఇంట్లో అనుమానం అనే విత్తనం పడితే దాన్ని చీకటిలో పెంచకండి. మీ జీవిత భాగస్వామిని అడగండి. అడగడానికి భయమైతే నమ్మదగిన పెద్దలను తోడు తెచ్చుకోండి. విచారణ గురువులను కలవండి. ప్రాణభయం ఉంటే ఆలస్యం చేయకుండా ఆ ఇంటినుంచి బయటకు రండి, చట్టం సాయం తీసుకోండి. ఒంటరిగా కూర్చుని మనసులో లెక్కలు మాత్రం వేయకండి.

లామెకు తనకు జరిగినదానికి డెబ్బది ఏడంతల పగ అన్నాడు. ప్రభువు పేతురుతో డెబ్బది ఏడు మారులు క్షమించమన్నాడు. పగను పెంచిన లెక్కనే ఆయన క్షమకు మార్చాడు. ఆ మార్పు ఒక్కరోజులో జరిగేది కాదు, కన్నీటితో జరిగేది. ఈ వారం కుటుంబ ప్రార్థన ముగిశాక, దీపం ఆర్పేముందు, భార్యాభర్తలు ఒకరినొకరు ఒక్క మాట అడగండి: “నాతో చెప్పకుండా నీవు మోస్తున్న బాధ ఏదైనా ఉందా?” జవాబు వినడానికి ఓపిక పట్టండి.