పాల్వంచ కొండల ఛాయాచిత్రాలు: ఒక ప్రమాణ విచారం

మనిషి గతించాక మిగిలిన ఛాయాచిత్రం ఆ మనిషిని గురించిన జ్ఞానాన్ని ఇస్తుందా, లేక ఒకప్పుడు అలాంటివాడు ఒకడు ఉండేవాడన్న సంగతిని మాత్రమే తెలుపుతుందా అన్న ప్రశ్న కెమెరాతో పాటు పుట్టినట్టు అనిపించినా, దాన్ని పరిశీలించడానికి కావలసిన సాధనాలు భారతీయ దర్శనాల ప్రమాణ చర్చలో ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నాయి. ప్రమాణమంటే యథార్థ జ్ఞానం కలగడానికి సాధనం. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నైయాయికులు నాలుగింటిని అంగీకరిస్తే, కుమారిల భట్టు సంప్రదాయంలోని మీమాంసకులు అర్థాపత్తినీ అనుపలబ్ధినీ చేర్చి ఆరింటిని అంగీకరించారు. కొత్తగూడెం పరిసరాల్లోని కొండలనూ వాటిమీద బతికిన జనాన్నీ చూపే ఒక ఛాయాచిత్ర భాండారాన్ని ఈ ప్రమాణాల ముందు నిలబెట్టి చూస్తే, అది చెప్పగలిగినదేమిటో, చెప్పలేనిదేమిటో స్పష్టమవుతుంది.

ఆ భాండారం లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల విద్యాసంస్థలో, అంటే సోయాస్‌లో ఉంది. 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1939లో భారతదేశానికి వచ్చిన కొద్దికాలానికే రెండో ప్రపంచ యుద్ధం మొదలై, శత్రుదేశపు పౌరుడిగా లెక్కలోకి వచ్చినందువల్ల, నిజాం రాజ్యపు ఎల్లలు దాటకుండా ఉండవలసి వచ్చింది. ఆ నిర్బంధమే ఆయనను నల్లమల చెంచుల దగ్గరికీ, పాల్వంచ ప్రాంతపు గోదావరి ఒడ్డున ఇంగ్లీషువారు బైసన్ హిల్స్ అని పిలిచిన కొండల్లోని కొండరెడ్ల దగ్గరికీ, ఆదిలాబాదు గోండుల దగ్గరికీ నడిపించింది. కొండరెడ్ల మీద ఆయన రాసిన గ్రంథం యుద్ధం ముగిసిన 1945లోనే అచ్చయింది. ఆ తరవాత 1949 వరకు నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేసి, 1970వ దశకంలో మళ్లీ ఇవే ప్రాంతాలకు వచ్చి, ముప్ఫై ఏళ్లలో ఏం మారిందో పరిశీలించారు. చిత్రాలు, చలనచిత్రాలు, దినచర్యల పుస్తకాలు అన్నీ ఆ భాండారంలో చేరాయి.

ఛాయాచిత్రం అన్నిటికన్నా ముందు అనుమాన ప్రమాణంగా పనిచేస్తుంది. పొగను చూసి నిప్పును గుర్తించడం కార్యాన్ని బట్టి కారణాన్ని తెలుసుకోవడం. ఫిల్ము మీది జాడ కూడా ఎదుట ఉన్న వస్తువు నుంచి వచ్చిన వెలుగు వల్ల ఏర్పడిన కార్యమే కాబట్టి, ఆ వస్తువు అక్కడ ఉండి తీరాలి. చిత్రకారుడు లేని చెట్టును గీయగలడు గాని, ఆ కాలపు కెమెరా లేని చెట్టును పట్టలేదు. అయితే పొగ ఏ కట్టెదో చెప్పనట్టే, చిత్రం కూడా తనలోని మనిషి ఎవరో, ఏ ఇంటివాడో, ఎవరికి ఏమవుతాడో చెప్పదు. వెదురు మోపు మోస్తున్న కొండరెడ్డి చిత్రంలో భుజం కనిపిస్తుంది, మోపు కనిపిస్తుంది, అప్పు కనిపించదు. కలప, వెదురు కాంట్రాక్టర్లు ఇచ్చిన చిన్నపాటి బాకీకి కొండరెడ్లు ఏళ్ల తరబడి వెట్టిచాకిరీలో చిక్కుకున్న సంగతి హైమన్‌డార్ఫ్ నివేదికల్లోని మాటల ద్వారానే, అంటే ఆప్తవాక్యమైన శబ్ద ప్రమాణం ద్వారానే తెలుస్తుంది. నివేదికను పక్కనపెట్టి చిత్రాన్ని మాత్రమే గోడకు తగిలిస్తే, ఒక బానిసత్వపు సాక్ష్యం అడవి అందంగా మారిపోతుంది.

మనిషిని గుర్తుపట్టే జ్ఞానాన్ని దర్శనకారులు ప్రత్యభిజ్ఞ అన్నారు. ఎప్పుడో చూసిన దేవదత్తుడు మళ్లీ ఎదురైనప్పుడు ‘వాడే వీడు’ అని కలిగే జ్ఞానం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఇప్పటి చూపు, పూర్వానుభవం వల్ల మనసులో మిగిలిన సంస్కారం కలిసినప్పుడే అది పుడుతుంది. బౌద్ధులు దీన్ని ఒప్పుకోలేదు. ప్రతి వస్తువూ క్షణికమైనప్పుడు నాటివాడూ నేటివాడూ ఒక్కడే అనడం, పోలికను చూసి ఒకటే అనుకున్న భ్రాంతి అన్నారు. ఛాయాచిత్రం పైకి బౌద్ధుల వాదానికి బలమిస్తున్నట్టే ఉంటుంది, ఎందుకంటే అది ఒక్క క్షణాన్ని ముందువెనకల నుంచి కోసి చూపిస్తుంది. కాని ఆ చిత్రాన్ని చూసి ‘ఈమె మా నాయనమ్మ’ అని ఒక మనవరాలు అన్నప్పుడు, కోసిన క్షణం మళ్లీ ఒక జీవితంలో అతుక్కుంటుంది. చిత్రంలోని మనిషికి పేరు, పేరుతో పాటు ఇల్లు, వరస, పొలం వస్తాయి.

ఇక్కడ న్యాయశాస్త్రం చేసిన ఒక సూక్ష్మమైన విభాగం అక్కరకొస్తుంది. సంస్కారం ఆత్మలో ఉండేది. దాన్ని మేల్కొలిపే కారణాన్ని ఉద్బోధకం అంటారు. న్యాయసూత్రాల మూడో అధ్యాయం స్మృతికి కారణాలను ఏకరువు పెడుతూ పోలికను, ఎడబాటును కూడా వాటిలో చేర్చింది. ఈ లెక్కన భాండారాన్ని జాతి జ్ఞాపకం అని పిలవడం సరికాదు. లండన్ అరల్లో ఉన్నవి ఉద్బోధకాలు మాత్రమే. అవి మేల్కొలపవలసిన సంస్కారాలు గోదావరి ఒడ్డున, కిన్నెరసాని పక్కన బతుకుతున్న మనుషుల్లో ఉన్నాయి. ఆ రెండూ కలవనంత కాలం భాండారం ఎంత పెద్దదైనా దానిలో స్మృతి లేదు.

బొమ్మకూ దాన్ని ఎరిగినవాడికీ ఎడం రాకుండా చూసుకునే పద్ధతి ఇదే ప్రాంతపు మత జీవితంలో ఉంది. ఈ ప్రాంతపు మరో తెగ అయిన కోయల గట్లకు, అంటే మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ లెక్కించే వంశ సమూహాలకు, పగిడెలు ఉంటాయి. పగిడె పొడవాటి త్రికోణపు గుడ్డ. దాని మీద మూలపురుషుల బొమ్మలు, వంశ చిహ్నాలు ఉంటాయి. మామూలు రోజుల్లో దాన్ని మడిచి భద్రపరిచి, వేల్పుల కొలుపు నాడు బయటికి తీసి కర్రకు కడతారు. కోయల చరిత్రను గానం చేసే డోలీలు డోలు మోగిస్తూ ఆ బొమ్మల్లోని కథను పాడతారు. పాట లేకుండా పగిడెను విప్పరు, వినేవారు లేకుండా పాట సాగదు. బొమ్మ, మాట, బంధువు ఒక్క చోట కలిసినప్పుడే పూర్వీకుడు వేల్పుగా సన్నిహితుడవుతాడు. ఛాయాచిత్ర భాండారంలో బొమ్మ లండన్‌కూ, మాట గ్రంథాలయానికీ, బంధువు పోలవరం ప్రాజెక్టు నిర్వాసిత కాలనీకీ చేరి మూడూ విడిపోయాయి.

కనిపించని వాటి సంగతి అనుపలబ్ధికి చెందినది. నేల మీద కుండ కనిపించకపోవడమే అక్కడ కుండ లేదనడానికి ప్రమాణం. అయితే ఆ కుండ ఉండి ఉంటే కనిపించి తీరే పరిస్థితి ఉండాలి. చీకట్లో కుండ కనిపించలేదని కుండ లేదనలేము, పిశాచం కనిపించలేదని పిశాచం లేదనీ తేల్చలేము. ఇదే యోగ్యానుపలబ్ధి అనే నియమం. హైమన్‌డార్ఫ్ పోడు చేలను చూస్తున్న కాలంలోనే కొత్తగూడెం గనుల్లో బొగ్గు తవ్వకం సాగుతోంది. 1920లో ఏర్పడిన సింగరేణి కంపెనీలో అధిక వాటాలను నిజాం ప్రభుత్వం 1945లో కొన్నది. కొండల చిత్రాల్లో గని కార్మికుడు కనిపించకపోతే, కొండకూ గనికీ సంబంధం లేదని తేల్చడం ఈ నియమానికి విరుద్ధం, ఎందుకంటే కెమెరా వెతికినది వేరు. అడవి మనిషిని అడవిలోనే చూపాలన్న సంకల్పం ఉన్నప్పుడు, కూలి కోసం అడవి దాటినవాడు ఆ చట్రంలోకి రాడు. భాండారపు మౌనాన్ని సాక్ష్యంగా తీసుకోబోయే ముందు చూసినవాడి చూపు ఎటు ఉందో విచారించాలి.

ఈ విచారానికి ఇప్పుడు గడువు కూడా ఉంది. పోలవరం ముంపు కారణంగా కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. హైమన్‌డార్ఫ్ పనిచేసిన కొండరెడ్ల ఊళ్లలో ఒకటైన కోయిదా ఆ వేలేరుపాడు మండలానిదే. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు ముంపు ఎలా ఉంటుందో ఆ ప్రాంతమంతా చూసింది. ఊరు ఉన్న చోటే ఉంటే రాయి, రేవు, చింతచెట్టు కూడా ఉద్బోధకాలే. అవి నీటిలో కలిసిన చోట ఛాయాచిత్రం మీద భారం పెరుగుతుంది. 1945లో పదేళ్ల పిల్లలుగా ఉన్నవారు ఈనాడు తొంభై ఏళ్లకు చేరిన వృద్ధులు. చిత్రాలను డిజిటల్ రూపంలోకి మార్చడం కాగితాన్ని కాపాడుతుంది గాని ప్రత్యభిజ్ఞను కాపాడదు. దానికి చిత్రాన్ని కాలనీ దాకా తీసుకెళ్లి, చూసినవారు చెప్పే పేరును, వరసను, ఒక్కోసారి ‘ఈ బొమ్మను అందరికీ చూపొద్దు’ అన్న మాటను కూడా చిత్రంతో పాటు రాసిపెట్టాలి. ఆ పని జరిగిన చిత్రం మాత్రమే తరవాతి తరానికి ప్రమాణమవుతుంది. జరగని చిత్రం ఎవరో ఒకరు ఉండేవారని చెప్పి ఊరుకుంటుంది.